దండ వేసిన మిషన్ చూడ్డానికి నెదర్లాండ్స్ నుంచి నాచారం దాకా

మా క్లాసులో ఇంటర్న్‌షిప్ కోసం ఒకతను బ్రెజిల్ వెళ్ళాడు. ఒకమ్మాయి వియత్నాం వెళ్ళింది. నేను నాచారం వెళ్ళాను. నవ్వకండి, పూర్తిగా చదివాక నవ్వండి. నేను నెదర్లాండ్స్‌లో ఇంటర్నేషనల్ బిజినెస్‌లో మాస్టర్స్ చేశాను. క్లాసులు ఏడాదిలో అయిపోతాయి. ఆ తర్వాత ఆరు నెలలు ఏదైనా కంపెనీలో చేరి, వేరే దేశంతో ముడిపడిన పని ఒకటి మొదలుపెట్టి చివరిదాకా చేసి చూపించాలి. అప్పుడే పట్టా చేతికొస్తుంది. ఇలాంటి కోర్సుకి వెళ్దామనుకునేవాళ్ళూ, వెళ్ళాక ఇంటర్న్‌షిప్ దొరక్క బిక్కమొహం వేసుకుని తిరిగేవాళ్ళూ నాకు మెయిళ్ళు రాస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక నాకు లేదు. అందుకే ఆ ఒక్క రోజు సంగతి మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను.

నాకు చోటిచ్చింది చిన్న కంపెనీ. చుట్టుపక్కల దేశాల్లోని బేకరీలకి మిషన్లు అమ్ముతుంది. అక్కడ కొనుగోళ్ళు చూసే మార్లీన్ నా బాస్. యాభై దాటిన మనిషి, మన గుమ్మాల్లో తల వంచుకుని రావలసినంత పొడుగు, మనసులో ఏముంటే నోట్లోంచి అదే వస్తుంది. నేను చేరిన వారంలోనే, పిండి జల్లించే మిషన్లు ఇండియాలో కొనబోతున్నాననీ, అహ్మదాబాద్‌లో ఒక కంపెనీని దాదాపు ఖాయం చేసుకున్నాననీ చెప్పింది. "అవి మా ఇంటి పక్కన కూడా చేస్తారు" అన్నాను. అనేశాను గానీ నాకేం తెలుసని! హైదరాబాద్ చిల్కానగర్‌లో పెరిగినదాన్ని, కాలేజీ రోజుల్లో నాచారం ఇండస్ట్రియల్ ఏరియా మీదుగా బస్సులో వెళ్ళేదాన్ని. ఒక గేటు మీద జల్లెడ మిషన్ల బొమ్మతో వెలిసిపోయిన బోర్డు ఒకటి ఉండేది. నాకు తెలిసింది ఆ బొమ్మ ఒక్కటే.

చిల్కానగర్‌లో ఉండే మా అక్కని ఆ గేటు దాకా తరిమి ఫోన్ నంబరు పట్టుకున్నాను. ఓనరు రమణారావు గారితో ఫోటోలు పంపించుకున్నాను, కొలతలు తెప్పించాను, ధర మాట్లాడాను. అవన్నీ చూసి మార్లీన్ తేల్చి చెప్పేసింది. "అహ్మదాబాద్ వెళ్ళే ముందు ఒక్క రోజు మీ ఊరు వస్తాను. మిషన్ తిరుగుతుంటే నా కళ్ళతో చూడాలి. నచ్చితే ఆర్డర్ వాళ్ళకి, చదువయ్యాక ఇండియా కొనుగోళ్ళు చూసే ఉద్యోగం నీకు. నచ్చకపోతే అహ్మదాబాద్‌కే ఇస్తాను. అక్కడ చూసుకోవడానికి వేరే మనిషి ఉన్నాడు, నువ్వు అక్కర్లేదు." ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు పడితే ఒట్టు. ఉద్యోగం! అదీ ఏడాదికి రెండుసార్లు కంపెనీ ఖర్చుతో మా ఇంటికి వచ్చిపోయే ఉద్యోగం!

ఏ రోజు రమ్మంటారని అడిగితే రమణారావు గారు, "ఎప్పుడైనా రండమ్మా, మీ కంపెనీ అనుకోండి" అన్నారు. మార్లీన్‌కి కుదిరిన రోజు దసరాకి ముందు రోజు. ఆ సంగతి నాకు తెలుసు. పండగ రేపు కదా, ఇవాళ పనిరోజే కదా అనుకున్నాను. పైగా పండగకి ఇంట్లో ఉండొచ్చని లోపల్లోపల గంతులేశాను కూడా. నేను ఆమ్‌స్టర్‌డామ్ నుంచి దుబాయ్ మీదుగా రెండు రోజులు ముందే వచ్చి అక్క ఇంట్లో దిగాను. మార్లీన్ ముందు రోజు సాయంత్రం దిగి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర హోటల్లో ఉంది. విదేశీయుల్ని ఇలాంటి పనికి తీసుకొచ్చేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిందొకటి ఉంది. వాళ్ళు టూరిస్టు వీసా మీద రాకూడదు, బిజినెస్ వీసా తీసుకోవాలి. ఇక్కడి కంపెనీ నుంచి ఆహ్వానం కావాలి కాబట్టి నెలరోజుల ముందే మొదలుపెట్టాలి.

ఆ రోజు ఉదయం చిల్కానగర్ నుంచి ఉప్పల్‌కి షేర్ ఆటో ఎక్కాను. పది రూపాయలు. రోజంతటికీ పదిహేను వందలకి కాల్ టాక్సీ మాట్లాడుకున్నాను, అందులో సాయంత్రం శంషాబాద్ విమానాశ్రయంలో దింపడం కూడా ఉంది. డ్రైవర్ శ్రీశైలం హోటల్ ముందు కారు తుడుస్తూ కనిపించాడు. నన్ను చూడగానే తన షరతు ముందే పెట్టాడు.

"అక్కా, మేడమ్‌ను ఎయిర్‌పోర్టుల దించుడే ఆలస్యం, నన్ను ఇడ్సిపెట్టాలె. నేను జనగామ పోవాలె. పండుగకు రాకపోతే మా ఇంటామె నన్ను ఇంట్లకు రానియ్యదు."

"నాలుగున్నరకల్లా బయల్దేరతాం అన్నా, నీకేం ఫికర్ వద్దు" అన్నాను. హైదరాబాద్‌లో దిగి రెండు రోజులే అయింది, అప్పుడే ఫికర్లూ గికర్లూ నా నోటికి వచ్చేశాయి. హోటల్ కింద టిఫిన్ సెంటర్లో ముప్పై రూపాయలకి ప్లేట్ ఇడ్లీ తిన్నాం. మార్లీన్ సాంబారు గిన్నె ఎత్తి తాగేసి, "ఈ సూప్ ఇంకొంచెం ఇస్తారా?" అని అడిగింది. వడ్డించే ఆయన, "సూప్ గాదు మేడమ్, గిది సాంబార్" అని గిన్నె నిండా పోసి వెళ్ళాడు.

ఎనిమిదిన్నరకి బయల్దేరాం. రింగ్ రోడ్డు నుంచి హబ్సిగూడ సిగ్నల్ దాకా వెళ్ళి కుడివైపు తిరిగితే నాచారం. మామూలు రోజుల్లో అరగంట పని. తొమ్మిదికల్లా వస్తామని రమణారావు గారికి చెప్పి ఉంచాను. కానీ రోడ్డు మధ్యలో మెట్రో కోసం తవ్విన గోతులు, ఇనుప రేకుల అడ్డాలు, సగం లేచిన స్తంభాలు. వాటికి తోడు ఆ రోజు సద్దుల బతుకమ్మ! తంగేడు పూలు, గునుగు పూలు, బంతిపూలు కుప్పలు కుప్పలుగా రోడ్డు మీదికి వచ్చేశాయి. ఆడవాళ్ళు కార్ల మధ్యలోనే నిలబడి బేరాలాడుతున్నారు. మార్లీన్ అద్దం దించి ఫోటోల మీద ఫోటోలు తీస్తోంది. నేనేమో గోళ్ళు కొరుక్కుంటున్నాను.

"హారన్ కొట్టు అన్నా!" అన్నాను.

"కొట్టి ఏం జేస్త అక్కా? ఇయ్యాల ఆడోళ్ళు పూలకాడ నిలవడ్డంక పోలీసోళ్ళు గూడ జరుపలేరు. జర ఓపిక వట్టు."

నాచారం చేరేసరికి పదకొండు దాటింది. ఫ్యాక్టరీ సందులోకి తిరిగాం. గేటుకి మామిడి తోరణం. గేటు ముందు కుంకుమ పూసి పగలగొట్టిన గుమ్మడికాయ. లోపలినుంచి కర్పూరం వాసన. పనివాళ్ళంతా కొత్త చొక్కాలు వేసుకుని, నుదుట బొట్లు పెట్టుకుని, విస్తరాకు దొన్నెల్లో పులిహోర తింటున్నారు. షెడ్డు మధ్యలో మేము చూడడానికొచ్చిన మిషన్ ఉంది. ఒళ్ళంతా పసుపు బొట్లు, మెడలో బంతిపూల దండ, కాళ్ళ దగ్గర నిమ్మకాయలు. దాని ముందు పీట మీద స్పానర్లు, సుత్తులు, కొలబద్దలు అన్నీ వరసగా పేర్చి వాటికీ బొట్లు పెట్టారు. పండగ రేపే. కానీ రేపటికి పనివాళ్ళంతా ఊళ్ళకి వెళ్ళిపోతారు కాబట్టి, అందరూ ఉండగానే ఆయుధపూజ ఇవాళే చేసేసుకుంటారట. ఈ ఏరియాలో చాలా షెడ్లలో అదే పద్ధతట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రమణారావు గారు పట్టుపంచె ఎగ్గట్టుకుని నవ్వుకుంటూ ఎదురొచ్చారు. "రండి రండి! సరిగ్గా ప్రసాదం వేళకొచ్చారు. మీ మేడమ్ గారి అదృష్టం!"

మార్లీన్ మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి నా చెవిలో అడిగింది. "దీనికేమైంది? పాడైపోయిందా? దండ ఎందుకు వేశారు?"

నేను రమణారావు గారిని పక్కకి లాగాను. "ఆన్ చేసి చూపించాలని రాశాను కదండీ!"

"తొమ్మిదికొస్తామన్నారు. పదిన్నర దాకా ఆపానమ్మా. పంతులుగారికి ఇంకో నాలుగు షెడ్లున్నాయి, ఆయన కదిలిపోతున్నాడు. ముహూర్తం దాటిపోదూ?"

"పూజ ఉందని ముందే చెప్పుండాల్సింది కదా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "అంతదూరం నుంచి వస్తామన్నవాళ్ళని వద్దంటామా? పైగా ఇంత మంచిరోజు!" అని, షెడ్డు వైపు తిరిగి గొంతు తగ్గించారు. "యాదగిరీ, ఒక్క ఐదు నిమిషాలు వేసి ఆపేద్దామా?"

ఫోర్‌మన్ యాదగిరి చేతిలో దొన్నె కింద పెట్టి లేచాడు. "గట్లెట్ల సార్? ఇప్పుడే హారతిచ్చినం. బొట్టు గూడ ఆరలే. మళ్ళ మనం షెడ్డు తెరిచేదాంక మిషిన్ ముట్టొద్దు. మీరు జేయమంటె నేను జేస్త, గని పొద్దుమాపు నా చెయ్యి ఈడ బెట్టి పనిజేసేటోన్ని. నా మనసొప్పుతలేదు." వెనక కూర్చున్నవాళ్ళంతా తినడం ఆపి మా వైపే చూస్తున్నారు.

రమణారావు గారు నా మొహం చూశారు. నేను అడిగితే ఆయన కాదనరు. ఆయన చెబితే యాదగిరి కాదనడు. కానీ ఆ షెడ్డులో ఎవరికీ ఇష్టం లేని పనిని పండగపూట నా ఉద్యోగం కోసం చేయించడానికి నాకు నోరు రాలేదు. మార్లీన్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇవాళ ఈ మిషన్ తిరగదు. పండగ వెళ్ళాకే తిరుగుతుంది."  ఆరు నెలల పని, వచ్చే ఉద్యోగం, అన్నీ పులిహోరలో కలిసిపోయినట్టే అనిపించింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ అంతమంది ముందు ఏడిస్తే బాగుండదని ఊరుకున్నాను.

మార్లీన్ కోపం తెచ్చుకోలేదు. పులిహోరలో మిరపకాయ ఏరి పక్కన పెట్టి, మామూలుగా అడిగింది. "ఇంతకు ముందు ఇలాంటిది ఎవరికైనా అమ్మారా? దగ్గర్లో ఉంటే అది చూస్తాను."

నాకెందుకు తట్టలేదు ఆ మాట! గబగబా తెలుగులో అడిగాను. రమణారావు గారు పైకప్పు వైపు చూశారు. "చర్లపల్లిలో ఒకాయన ఉన్నాడు గానీ నిన్ననే తాళం వేసి ఊరెళ్ళాడు. మల్కాజిగిరిలో..." అని నసుగుతుంటే, ప్రసాదం పంచుతున్న ఆయన భార్య లక్ష్మి గారు ఠక్కున అన్నారు.

"నారపల్లిలో మా చెల్లెలు వాళ్ళ మిల్లు లేదూ? వాళ్ళ పూజ రేపు. పండగ గిరాకీకి ఇవాళ మిషన్ నిమిషం ఆగదు."

"లక్ష్మీ!" అన్నారాయన.

"ఏం లక్ష్మీ?"

విషయం ఏమిటంటే, ఆ మిల్లు సత్యం గారిది. లక్ష్మి గారి చెల్లెలి భర్త, అంటే రమణారావు గారికి స్వయానా తోడల్లుడు. ఇద్దరూ తెనాలి దగ్గర నుంచి ఒకేసారి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. మూడేళ్ళ కిందట రమణారావు గారే ఆయనకి ఆ మిషన్ చేసిచ్చారు. ఆ తర్వాత ఏడాదికి రమణారావు గారి అమ్మాయి పెళ్ళయింది. తోడల్లుడికి శుభలేఖ కొరియర్‌లో పంపారు. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదని సత్యం గారు పెళ్ళికి రాలేదు. రాలేదని రమణారావు గారు మాటలు మానేశారు. అంతే, రెండేళ్ళుగా ఇళ్ళకి రాకపోకల్లేవు.

"నేను వాడి గుమ్మం తొక్కను" అన్నారు రమణారావు గారు.

ఇంత చిన్నదాన్ని, పెద్దాయనకి నేనేం చెప్పగలను? అయినా ఊరుకోలేకపోయాను. "అయ్యా, మీరు రాకపోతే మేడమ్ ఇప్పుడే హోటల్‌కి వెళ్ళి పెట్టె సర్దుకుంటుంది. పండగ అవగానే అహ్మదాబాద్ వాళ్ళు మిషన్ ఆడించి చూపిస్తారు. మీ ఆర్డర్ పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. మీకు పర్లేదేమో గానీ నాకు అలా కుదరదండీ!" అన్నాను.  ఆయన తల దించుకున్నారు. ఈలోగా లక్ష్మి గారు పూజ పళ్ళెంలోంచి కుంకుమ భరిణె తీసుకుని, స్టీలు డబ్బాలో పులిహోర సర్దుకుని, వెళ్ళి మా కార్లో కూర్చున్నారు. "అమ్మాయి సీమంతానికి ఎలాగూ పిలవాలి. మళ్ళీ కొరియర్ చేద్దామనుకున్నారా?" అని కార్లోంచే కేకేశారు. పనివాళ్ళు నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. రమణారావు గారు చెప్పులు వేసుకున్నారు.

మార్లీన్ కాళ్ళు పొడుగని ముందు సీట్లో కూర్చుంది. వెనక మేం ముగ్గురం. ఉప్పల్ మీదుగా వెళ్తే మళ్ళీ పూల దగ్గర ఇరుక్కుంటామని, "మల్లాపూర్ మీదికెళ్ళి చెంగిచెర్ల దిక్కు పోదాం, గట్ల జల్ది పోతం" అన్నాడు శ్రీశైలం. నిజంగానే ముప్పావుగంటలో చేరిపోయాం. మీరూ అటు వెళ్ళాలంటే ఆ దారే మంచిది, కాకపోతే మధ్యమధ్యలో రోడ్డు గతుకులు. చెంగిచెర్ల దాటాక రెండువైపులా తెల్లరంగు వేసిన హద్దురాళ్ళు, రంగురంగుల జెండాలు, వెంచర్ల బోర్డులు. "పోయినసారి వచ్చినప్పుడు ఈడ జొన్న ఉండె. ఇప్పుడు జూడుండ్రి, గజాల లెక్కన అమ్ముతున్రు" అన్నాడు శ్రీశైలం. మార్లీన్ అన్నీ ప్రశ్నలే. ఈ రాళ్ళేంటి, ఈ జెండాలేంటి, వెనక కూర్చున్న పెద్దాయన ఎందుకు మాట్లాడట్లేదు?

చివరి ప్రశ్నకి మొత్తం కథ చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి రమణారావు గారిని చూసి, "ఇక్కడి నుంచి అక్కడికి కొరియర్ ఎందుకు?" అంది. నేను తెలుగులో చెప్పేలోపే లక్ష్మి గారు, "అదే నేనూ అడిగాను! కొరియర్ అబ్బాయికి నారపల్లి దారి తెలిసింది గానీ ఈయనకి తెలియలేదు" అన్నారు. రమణారావు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "పెళ్ళి పనుల్లో తల తిరిగిపోయింది. వాడు మనవాడే కదా, ఏమనుకుంటాడులే అనుకున్నాను" అన్నారు. ఆ మాటలో కోపం లేదు.

వరంగల్ హైవే నుంచి కాస్త లోపలికి ఉంది మిల్లు. వెనకాలే ఇల్లు. చప్పుడుకి పక్కవాళ్ళ మాట వినబడదు. గేటు ముందు డబ్బాలు పట్టుకుని జనం. సత్యం గారు తెల్లటి కనుబొమ్మలతో త్రాసు దగ్గర నిలబడి ఉన్నారు, అది పిండి అని దగ్గరికెళ్ళాక తెలిసింది. మమ్మల్ని చూశారు, మళ్ళీ త్రాసు వైపు తిరిగారు. ఈలోగా లక్ష్మి గారి చెల్లెలు పద్మ గారు ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చారు. లక్ష్మి గారు ముందు చెల్లెలి నుదుట బొట్టు పెట్టారు. "మన అమ్మాయికి వచ్చే నెల సీమంతం. మీరిద్దరూ రావాలి" అన్నారు. అంతే, అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుపు.

రమణారావు గారు త్రాసు దాకా వెళ్ళి గొంతు సవరించుకున్నారు. "సత్యం, నువ్వు రావాలి."

సత్యం గారు కళ్ళెత్తకుండా, "కొరియర్ ఇంకా రాలేదే!" అన్నారు.

 ఒక్క క్షణం తర్వాత ఆయన పొట్ట కదిలింది. నవ్వుతున్నారు! "రండి అన్నయ్యా, లోపలికి రండి. ఈ తాడిచెట్టంత ఆవిడెవరు?"

మార్లీన్ అప్పటికే మిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది. అది తిరుగుతోంది! పైన పోసిన పిండి కింద మెత్తగా రాలుతోంది. ఆమె చెయ్యి పెట్టి పట్టుకుంది, వేళ్ళ మధ్య నలిపింది, చప్పుడు విన్నది, చెయ్యి ఆనించి అదురు చూసింది. ఆమె మొహంలో ఏమీ తెలియలేదు. తర్వాత సత్యం గారిని చూపించి నాతో అంది. "ఈ మిషన్‌లో ఈయనకి నచ్చనిదేమిటో అడుగు."

అడిగాను. సత్యం గారు తోడల్లుడి వైపు చూశారు. రమణారావు గారు నాకు చెయ్యి అడ్డంగా ఊపి, "అమ్మా, అంతా చెప్పకండి" అన్నట్టు సైగ చేశారు. ఇప్పుడే కలిసిన మనుషులు, మళ్ళీ విడిపోతారేమోనని నాకు భయం. ఆర్డర్ ఏమవుతుందోనని ఇంకో భయం.

"చెప్పమంటే చెప్తానమ్మా. రెండేళ్ళ నుంచి కడుపులో పెట్టుకున్నాను" అన్నారు సత్యం గారు. "జల్లెడ చుట్టూ రబ్బరు రింగు ఉంటుంది. అది వదులైపోయింది. సందులోంచి పొట్టు కారి మంచి పిండిలో కలుస్తోంది. ఆయనకి ఫోన్ చేయబుద్ధి కాలేదు. సైకిల్ ట్యూబు కోసి చుట్టి నెట్టుకొస్తున్నాను."

నేను మార్లీన్ వైపు తిరిగాను. మిషన్ బాగుంది గానీ అప్పుడప్పుడూ రింగు చూసుకోవాలట అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. కానీ ఈ ఆర్డర్ వెళ్తే ఆ రింగు రేపు ఎక్కడో ఒక బేకరీవాడికి వదులవుతుంది. వాడికి సైకిల్ ట్యూబు ఎవరు కోసిస్తారు? మొత్తం చెప్పేశాను. పొట్టు కారడం, రెండేళ్ళు, ట్యూబు, ఒక్క ముక్క వదల్లేదు. మార్లీన్ తల ఊపింది. అయిపోయింది, అహ్మదాబాద్‌కి అభినందనలు అనుకున్నాను.

అప్పుడు రమణారావు గారు పెద్దగా అరిచారు. "సైకిల్ ట్యూబా! నేను చేసిన మిషన్‌కి సైకిల్ ట్యూబు కట్టావా? సిగ్గు లేదూ నీకు! ఆపు, ముందు దాన్ని ఆపు! పానా ఇలా తే!"

"ఇవాళ పనిముట్లు ముట్టకూడదు కదండీ" అన్నారు లక్ష్మి గారు.

"పూజలో పెట్టినవి మనవి. ఈ పానా వీడిది. వీడి పూజ రేపు!" అంటూ ఆయన పట్టుపంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి మిషన్ కింద కూర్చున్నారు. గేటు ముందు జనం డబ్బాలు కింద పెట్టి చూస్తున్నారు. నేను పక్కన చేరి ఆయన చెప్పేదంతా ఇంగ్లీషులోకి మారుస్తూ పోయాను. మార్లీన్ తన ఫోన్ లైటు వేసి ఆయన చేతుల మీద పట్టుకుంది. ట్యూబు పీకి పారేశారు. రింగు కూర్చునే గాడిలో వేలు పెట్టి చూసి, "ఇది నాదే తప్పు. గాడి లోతు చాల్లేదు. తర్వాత చేసినవాటిలో లోతు పెంచాను, నీకొచ్చి చెప్పలేదు" అన్నారు. "మిషన్‌తో పాటు ఇంకో రింగు ఇచ్చాను, ఏదది?" సత్యం గారు అటక మీంచి దుమ్ము పట్టిన పొట్లం తీసిచ్చారు. కట్టిన దారం కట్టినట్టే ఉంది. "మీ వస్తువు ముట్టుకోబుద్ధి కాలేదు అన్నయ్యా" అన్నారు. రమణారావు గారు గాడిని ఆకురాయితో లోతు చేసి, కొత్త రింగు బిగించారు. పట్టుపంచె నిండా గ్రీజు. మళ్ళీ ఆన్ చేస్తే ఒక్క పొట్టు రవ్వ కూడా కారలేదు.

"కొన్నవాళ్ళందరికీ ఈయన ఇలాగే వచ్చి చేస్తారా?" అని మార్లీన్ అడిగింది.

రమణారావు గారు చేతులు తుడుచుకుంటూ, "తోడల్లుళ్ళకి మాత్రం కాస్త ఆలస్యంగా చేస్తానని చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. మార్లీన్ మిల్లు చప్పుడుని మించి నవ్వింది.

భోజనం పెట్టకుండా పద్మ గారు కదలనివ్వలేదు. శ్రీశైలం గడియారం చూసుకుంటూ నాలుగు గారెలు లాగించాడు. బయల్దేరేసరికి నాలుగున్నర దాటింది. రమణారావు గారూ లక్ష్మి గారూ అక్కడే ఉండిపోయారు. హైవే ఎక్కాక మార్లీన్ ముందు సీట్లోంచి తిరగకుండానే చెప్పింది. "టికెట్ ఉంది కాబట్టి అహ్మదాబాద్ వెళ్తాను. ఆర్డర్ మాత్రం నాచారానికే. గాడి లోతు పెంచిన మిషన్లే కావాలి, ప్రతిదానితో నాలుగు రింగులు ఎక్కువ కావాలి. నువ్వు కోర్సు అవగానే చేరు."

నా చెవులని నేను నమ్మలేదు. "నేనా? అంత చెడ్డగా చెప్పాక కూడానా?"

"ఆయన చెప్పొద్దని సైగ చేశాడు, చూశాను. ఆయన నీ ఊరివాడు, ఆర్డర్ వస్తే నీకూ లాభం. అయినా చెప్పావు. అహ్మదాబాద్‌లో నా మనిషి చెప్పేవాడో లేదో నాకు తెలియదు."

ఎందుకు అరిచానో తెలియదు, అరిచాను. శ్రీశైలం ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. "ఏమైంది అక్కా?"

"ఉద్యోగమొచ్చిందన్నా! నాకు ఉద్యోగమొచ్చింది!"

"అబ్బా, మస్తు కబురు! గిట్ల ఒర్లితె నా గుండె ఆగిపోతుండె. ఇగ మిఠాయి ఎప్పుడు?" మేడిపల్లిలో కారు ఆపించి అరకిలో మైసూర్‌పాక్ కొనిచ్చాను, జనగామకి తీసుకెళ్ళమని. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర హోటల్లో మార్లీన్ పెట్టె తీసుకున్నాక నేను దిగిపోయాను. వాళ్ళిద్దరూ శంషాబాద్ వైపు వెళ్ళిపోయారు. చిల్కానగర్ దాకా నడుచుకుంటూ వెళ్ళాను. ప్రతి సందులోనూ బతుకమ్మలు, పాటలు. మా సందు మొదట్లో ఎవరో తెలియని ఆవిడ నన్ను చెయ్యి పట్టి ఆటలోకి లాగింది. ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన ఉండగానే మూడు చుట్లు ఆడాను. అడుగులు తప్పుతుంటే ఆవిడ తిట్టింది కూడా. అంత సంతోషం నాకు విమానం ఎక్కి మొదటిసారి యూరప్‌లో దిగినప్పుడు కూడా లేదు.

చదువుకోవడానికి అంతదూరం వెళ్ళి నేర్చుకున్నదేమిటని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు నవ్వొస్తుంది. బస్సు కిటికీలోంచి ఆ గేట్లన్నీ ఎన్నేళ్ళు చూశానో! లోపల ఏం చేస్తారో, ఎవరికి అమ్ముతారో, ఎవరితో ఎవరికి మాటల్లేవో ఒక్కరోజు కూడా నాకు పట్టలేదు. దూరం వెళ్ళాకే ఆ గేటు నాకు అక్కరకొచ్చింది. వెళ్ళకపోయి ఉంటే ఆ గేటు తోసుకుని లోపలికి వెళ్ళే పని నాకెప్పుడూ పడేది కాదు. అందుకే వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. అక్కడ ఇంటర్న్‌షిప్ వెతుక్కునేటప్పుడు మాత్రం ఒకసారి మీ ఇంటి చుట్టుపక్కల ఏం తయారవుతుందో కూడా ఆలోచించండి.

ఇక పనికొచ్చే మాట ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఎవరి దగ్గరికి మిషన్ చూడ్డానికి వెళ్ళినా, కొత్తదానితో సరిపెట్టుకోకండి. అదే మిషన్ కొని కొన్నేళ్ళు వాడుతున్నవాళ్ళ చిరునామా బయల్దేరే ముందే తీసుకోండి. అక్కడికి వెళ్ళి, మీకు నచ్చనిదేమిటని అడగండి. వాళ్ళు చెప్పింది ఎంత చేదుగా ఉన్నా, పక్కనున్న పెద్దాయన ఎన్ని సైగలు చేసినా, ఒక్క ముక్క మింగకుండా మీ బాస్‌కి చెప్పండి. ఈరోజు నేను తీసుకుంటున్న జీతం ఆ ముక్కదే.